ఐదో పాటలో ఖాళీ

శుక్రవారం వచ్చిందంటే అతనికి కాళ్ళు నేల మీద నిలవవు. లోకంలో ఎక్కడెక్కడి చిన్న బ్యాండ్లూ కొత్త ఆల్బమ్‌లు విడుదల చేసేది ఆ రోజే. పెద్ద కంపెనీల అండ లేకుండా, కారు షెడ్డుల్లోనో, ఖాళీ గోడౌన్లలోనో, ఎవరిదో పిన్నిగారింటి మేడగదిలోనో గిటార్లు వాయించుకుని, తమంతట తామే రికార్డు చేసుకుని బయటికి వదిలే కుర్రకారు సంగీతం అది. దాన్ని ఇండీ రాక్ అంటారని అతను ఎన్నిసార్లు చెప్పినా అతని బావకు గుర్తుండదు. గుర్తుంచుకునే ఉద్దేశమూ లేదు.

"ఏమోయ్ బావమరిదీ, ఈ వారం ఎవరేడుస్తున్నారు?" అని అడుగుతాడు కాఫీ చప్పరిస్తూ.

"ఏడుపు కాదు బావా. విను ఒక్కసారి."

బావ హెడ్‌ఫోన్లు చెవులకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, తల ఊపి, కాఫీ చల్లారేలోపే తీసి ఇచ్చేస్తాడు. "బాగుంది. గొంతులో కాస్త కఫం ఉంది పాపం, మిరియాల పాలు తాగమను." వంటింట్లోంచి అక్క నవ్వుతుంది. అతనూ నవ్వుతాడు. ఆ నవ్వుతో ఆ వారం ఆల్బమ్ గురించి ఆ ఇంట్లో మాట్లాడటం అయిపోయినట్టే.

అతనికి నలభై దాటాయి. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్ళు కూడా విసుగుపుట్టి మానేశారు. అక్క ఇంట్లో పైగది అతనిది. మంచం, కుర్చీ, కిటికీ, మంచి హెడ్‌ఫోన్లు. వాటిని అతను ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడంటే, అక్క ఒకసారి వాటిని తుడవబోయి తిట్లు తిని, అప్పటినుంచి "నీ మహాతల్లిని నువ్వే తుడుచుకో" అని ఆ మూలకే వెళ్ళడం మానేసింది.

కొత్త ఆల్బమ్ వినడానికి అతనికి కొన్ని పట్టింపులున్నాయి. మొదటిసారి మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా ఆపకూడదు. ఫోను బోర్లా పెట్టాలి. పాట పేరు చూడకూడదు. అన్నిటికంటే గట్టి పట్టింపు ఒకటుంది. ఎవరు పాడారు, ఎవరు వాయించారు, నలుగురూ ఏమనుకుంటున్నారు అన్నది కనీసం నెలరోజులు చదవకూడదు. మనిషిని కళ్ళారా చూడకముందే వాడి గురించి వీధరుగుల మీద చెప్పుకునేది వింటే, ఇక మనకి కనిపించేది ఆ మనిషి కాదు, ఆ మాటలే అంటాడు అతను. అనడానికి ఎదురుగా ఎవరూ ఉండరు కాబట్టి తనలో తనే అనుకుంటాడు.

ఈ నాలుగైదేళ్ళలో అతనికో సిద్ధాంతం కూడా ఏర్పడింది. ఇప్పటి బ్యాండ్లు ఖాళీ విలువ తెలుసుకున్నాయన్నది ఆ సిద్ధాంతం. వెనకటి వాళ్ళు పాటని మూటగట్టినట్టు కుక్కేవారు. గిటారు మీద గిటారు, దాని మీద ఇంకోటి. ఇప్పటి వాళ్ళు అలా కాదు. ఒక గొంతు, ఒక తీగ, తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేనిచోట వినేవాడు కూర్చోవచ్చు. ఏ ఏటికాయేడు ఆ ఖాళీ పెరుగుతూ వస్తోందని అతను గమనించాడు. కొత్తవాళ్ళు ఎంత ధైర్యవంతులు, ఎంత పొదుపరులు అని మురిసిపోయాడు. ఆ మురిపెం చెప్పుకోవడానికి ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి దొరికితే చాలనుకున్నాడు. మెచ్చుకోనక్కర్లేదు. తను విన్నది ఆ మనిషీ వింటే చాలు.

ఆ మనిషి దొరికిందని ఈమధ్యే అనిపించింది.

అతను పనిచేసేది పళ్ళ ల్యాబులో. డాక్టర్లు నోళ్ళ అచ్చులు తీసి పంపుతారు. ఇక్కడ వాటిలో ప్లాస్టరు పిండి కలిపి పోసి దవడలు తయారుచేస్తారు. వాటికి సరిపోయేలా కట్టుడు పళ్ళు, తొడుగులు చేస్తారు. తొడుగుల లోహాన్ని అరగదీయడం అతని పని. అతనిది ఎడమచేతివాటం. వేలెడంత గ్రైండరు ఎడమచేత పట్టుకుని, దుమ్ము లాగే మోటారు పక్కనే గీపెడుతుంటే, పన్నుని కంటికి దగ్గరగా పెట్టుకుని రోజంతా గీకుతాడు. వయసొచ్చినప్పటినుంచీ అదే బల్ల, అదే కుర్చీ. అందుకే అందరూ మాస్టారు అంటారు.

అతను గీకిన లోహం మీద పింగాణీ పూసి, కొలిమిలో కాల్చి, దానికి పన్ను రంగు తెప్పించే పని ఒకావిడది. ఈ ల్యాబుకి వచ్చి ఏడాది కాలేదు. అతని వయసే ఉంటుంది. పెద్దగా మాట్లాడదు. పన్ను తెలుపులో ఎన్ని తెలుపులున్నాయో చెప్పమంటే మాత్రం కూర్చోబెట్టి చెబుతుంది. రెండు బస్సులు మారి వస్తుంది. ఒకరోజు తొడుగులున్న ట్రే అందుకుంటూ, బల్ల మీదున్న హెడ్‌ఫోన్లు చూసి, "ఏం వింటారు మాస్టారూ?" అని అడిగింది.

ఏదో మాటవరసకి అడిగారనుకుని అతను మాటవరసకే చెప్పాడు. ఆవిడ కదల్లేదు. "అంటే ఎలా ఉంటుంది?" అంది.

అంతే. కట్ట తెగినట్టయింది. భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని అతను చెప్పడం, ఆవిడ డబ్బా మూత వేళ్ళతో తిప్పుతూ వినడం అలవాటైంది. డ్రమ్ములు వాయించేవాడు అలిగి వెళ్ళిపోతే వాడి చోటు వాడికే వదిలేసి ఆల్బమంతా డ్రమ్ముల్లేకుండా చేసిన బ్యాండు గురించి చెప్పాడు. ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఒకరితో ఒకరు మాటల్లేని రోజుల్లో చేసిన పాటల గురించి చెప్పాడు. తన ఖాళీ సిద్ధాంతం చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. "పన్నుకీ అంతే. మొత్తం తెల్లగా పూస్తే అది పన్నులా ఉండదు, గోడకి సున్నంలా ఉంటుంది. అంచు దగ్గర కాస్త అద్దంలా వదలాలి" అంది. అతనికి ఆ రోజు అన్నం రుచి తెలియలేదు, సంతోషంతో.

అదిగో, అలాంటి రోజుల్లోనే ఒక శుక్రవారం ఆ ఆల్బమ్ వచ్చింది. బ్యాండు పేజీలో ఒక కుర్చీ బొమ్మ తప్ప మరేమీ లేదు. అతను పైగదిలో కూర్చుని విన్నాడు. అందులో ఐదో పాట దగ్గర అతనికి వెన్నులో జలదరింపు మొదలైంది. ఒక మగగొంతు, ఒకే గిటారు. గొంతు ఒక మాట అంటుంది, ఆగుతుంది. ఎవరో బదులిస్తారని ఆగినట్టు ఆగుతుంది. బదులు రాదు. మళ్ళీ ఇంకో మాట. ఆ ఆగిన చోట ఎక్కడో దూరంగా ఫ్యాను తిరిగినట్టు సన్నటి గొణుగుడు. గదిలో ఫ్యాను చప్పుడు కూడా తుడిచెయ్యకుండా ఉంచేశారు, ఎంత నిజాయితీ అనుకున్నాడు. ఇంతకాలం తను చెబుతున్నదంతా ఈ ఒక్క పాటలో రుజువైపోయిందనుకున్నాడు. తన పైగదే ఎవరో చూసి పాట కట్టినట్టుంది.

ఆవిడ ఫోనుకి పంపాడు. "ఐదోది. ఏమీ చదవకండి. వినండి, అంతే" అన్నాడు.

ఆవిడ బస్సులో పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి, ఇంటి దగ్గర మరోసారి విన్నదట. భోజనాల బల్ల దగ్గర అతను అడగలేక ఆగుతుంటే తనే మొదలుపెట్టింది. పక్క బల్ల మీద పిండి కలిపే అతనూ, మరో ఇద్దరూ ఉన్నారు.

"బాగుంది మాస్టారూ. ముఖ్యంగా ఆ రెండో గొంతు."

"రెండో గొంతేమిటి?"

"అదే, ఆవిడ గొంతు. ఆయన ఒక మాట అని ఆగుతాడు కదా, ఆవిడ అందుకుంటుంది. అందుకుంటుందన్నమాటే గాని బదులు చెప్పదు, తన మాటేదో తను అంటుంది. ఇద్దరూ చెరో గదిలో కూర్చుని పాడుకుంటున్నట్టు..."

అతని చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ముందు తికమక. ఆ వెంటనే, పాత దెబ్బ మీద వేలు పడ్డట్టు, ఒక మంట. బావ తల ఊపుడు గుర్తొచ్చింది. "వింటాం వింటాం" అని విననివాళ్ళందరూ గుర్తొచ్చారు. అంటే ఈవిడా అంతే. ఏదో పైపైన విని, లేదా అసలు వినకుండా, మర్యాద కోసం ఒక ముక్క కల్పించి చెబుతోంది. మిగతావాళ్ళు "బాగుంది" అని ఊరుకునేవారు, ఈవిడకి తెలివి ఎక్కువ కాబట్టి అబద్ధం కూడా అందంగా అల్లింది.

"వినకపోతే వినలేదని చెప్పొచ్చు కదండీ" అన్నాడు. గొంతు తను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. పక్క బల్ల వాళ్ళు తలలెత్తారు.

"విన్నాను."

"ఏది విన్నారో! ఆ పాటలో ఆడగొంతు లేదు. ఉన్నదల్లా ఒకడే. అది తెలియాలంటే వినాలి. నన్ను సంతోషపెట్టడానికి కథలు చెప్పక్కర్లేదు. దానికి మా ఇంట్లో మా బావ ఉన్నాడు."

ఆవిడ అతని ముఖం కేసి కొంచెంసేపు చూసింది, రంగు కుదరని పన్నుని చూసినట్టు. డబ్బా మూత బిగించి లేచి వెళ్ళింది. మర్నాటినుంచి కొలిమి పక్కనే భోంచేయడం మొదలుపెట్టింది. ట్రే వచ్చేది, ట్రే వెళ్ళేది. మధ్యలో మాట ఉండేది కాదు.

తను చేసింది న్యాయమే అనుకోవడానికి అతను చాలా పాటుపడ్డాడు. రోజూ సాయంత్రం పైకెక్కి ఐదో పాట పెట్టుకుని, న్యాయమూర్తిలా కళ్ళు మూసుకుని విన్నాడు. ఆడగొంతు లేదు. ఎన్నిసార్లు విన్నా లేదు. ఉన్నది ఆ ఫ్యాను గొణుగుడే. తనదే ఒప్పని తేలిన కొద్దీ పాట చేదుగా తోచింది. ఒప్పు చేతిలో పట్టుకుని ఏం చేసుకుంటాడు? భోజనాల బల్ల దగ్గర ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది. పాటల్లో ఖాళీని అంతగా మెచ్చుకున్న మనిషికి ఆ కుర్చీ వైపు చూడ్డం చేతకాలేదు.

ఇంట్లో కూడా ముభావంగా ఉంటున్నాడని అక్క పసిగట్టింది. "పిలిస్తే పలకవేంరా? నోరు పోయేలా మూడుసార్లు పిలిచాను" అంది ఒకరోజు ఎడం పక్కనుంచి భుజం తట్టి. "వాడెప్పుడు పలికాడు లేవే! ఈమధ్య మనం పాట కడితేనే గాని వినడు" అన్నాడు బావ. అతనికి నవ్వు రాలేదు. నిజంగా వినపడలేదని చెప్పడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఆదివారం మధ్యాహ్నం అక్కా బావా ఎవరింటికో వెళ్ళారు. ఇల్లంతా గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. అతను హెడ్‌ఫోన్ల మెత్తలు ఊడదీసి, తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ తొడిగాడు. ఎంతోకాలంగా వాడుతున్నవి కావడంతో ఏది కుడో ఏది ఎడమో తెలిపే గుర్తులు చెరిగిపోయాయి. చెయ్యి అలవాటుకొద్దీ పెట్టుకుంటాడు గాని, ఆ రోజు మెత్తలు తీసిపెట్టే సందట్లో అలవాటు తప్పింది. తలకి తగిలించుకుని ఐదో పాట పెట్టాడు.

ఆడగొంతు.

వేరే పాటేదో మొదలైందనుకుని ఫోను చూశాడు. ఐదో పాటే. చెవికి దగ్గరగా, కాస్త బొంగురుగా, ఒకావిడ ఒక మాట అని ఆగుతోంది. మళ్ళీ ఒక మాట. మగగొంతు ఎక్కడా లేదు.

హెడ్‌ఫోన్లు తీసి, తిప్పి పెట్టుకున్నాడు. మగగొంతు. ఆవిడ లేదు. దూరంగా ఫ్యాను.

మళ్ళీ తిప్పాడు. ఆవిడ. అతను లేడు.

హెడ్‌ఫోన్లే ఒకవైపు పాడయ్యాయన్న ఆశ అతనికి కాసేపు మిగిలింది. ఎడమ డిప్పని కుడిచెవికి పెట్టుకుంటే వినిపిస్తోంది. కుడి డిప్పని కుడిచెవికి పెట్టుకున్నా వినిపిస్తోంది. రెంటిలో ఏది ఎడమచెవికి పెట్టినా, గోడ అవతల ఎవరో గొణుక్కుంటున్నట్టు. ఇక ఆశ పెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. మగగొంతునంతా ఒకవైపుకి, ఆడగొంతునంతా మరోవైపుకి విడదీసి రికార్డు చేశారు వాళ్ళు. ఆ మరోవైపు అతనికి లేదు. ఇన్నేళ్ళ గ్రైండరు ఆ చెవిని అతనికే తెలియకుండా, లోహాన్ని గీకినట్టే, కొద్దికొద్దిగా గీకేసింది.

కుర్చీలో అలాగే కూర్చుని, తర్వాత ఒక పిచ్చి పని చేశాడు. నాలుగైదేళ్ళుగా తనకిష్టమైన ఆల్బమ్‌లన్నీ ఒక్కొక్కటే తీసి హెడ్‌ఫోన్లు తిరగేసి విన్నాడు. డ్రమ్ముల్లేవనుకున్న ఆల్బమ్‌లో చప్పట్లున్నాయి. అక్కచెల్లెళ్ళ పాటలో, మాట్లాడుకోవడం మానేశారనుకున్న చోట, మూడోదెవరో నవ్వుతోంది. ఎక్కడ చూసినా రెండో గిటారో, పియానోనో, మనిషి ఈలో. ఏ పాటలోనూ ఖాళీ లేదు. ఖాళీ ఏటికేడు పెరుగుతూ వచ్చింది వాళ్ళ పాటల్లో కాదు. తను ధైర్యం అని పొగిడింది, పొదుపు అని మురిసింది, అంతా తన చెవి చేసిన పనే.

ఫోనులో వెతికితే రెండు వైపులా కలిపి ఒకే చెవికి వినిపించే ఏర్పాటు ఒకటుందని తెలిసింది. అది పెట్టుకుని ఐదో పాట విన్నాడు. ఇద్దరూ ఒకే చెవిలోకి వచ్చారు, ఒకరి మాట మీద ఒకరు పడుతూ. మంచి పాట. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం, చెరో గదిలో కూర్చున్నట్టే ఉన్నారు. కాని అది తన పాట కాదు. తనకి వెన్ను జలదరించిన పాట ఏ బ్యాండూ పాడలేదు. లోకంలో ఎవరూ వినలేదు. అది తన తలలో మాత్రమే ఉంది. పోయిన చెవి కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు. ఈ పాట గురించి ఎవరి దగ్గరికి వెళ్ళాలి? అతనికి కన్నీళ్ళు రాలేదు. ఎవరో దగ్గరివాళ్ళు పోయారన్న కబురు ఆలస్యంగా అందినట్టు మొద్దుబారి కూర్చున్నాడు.

సోమవారం అందరికంటే ముందు ల్యాబుకి వెళ్ళాడు. మోటార్లు ఇంకా మొదలవలేదు. ఆవిడ కొలిమి ముందు కుంచెలు తడుపుతోంది.

"మీతో ఒక మాట" అన్నాడు.

"చెప్పండి." తల ఎత్తలేదు.

అతను చెప్పాడు. హెడ్‌ఫోన్లు తిరగబడటం, రెండో గొంతు, ఎడమచెవి, అన్నీ. ఆవిడ కుంచె కొన వేళ్ళతో మొనదేల్చుతూ విన్నది.

"అయితే నేను అబద్ధం ఆడలేదన్నమాట."

"లేదండి."

"నాకు తెలుసు కదా ఆ సంగతి. మీరు ఆ ముక్క ఎక్కడన్నారు?"

"భోజనాల బల్ల దగ్గర."

"నలుగురిలో అన్నారు. ఇదీ నలుగురిలోనే చెప్పండి. నా చెవిలో చెబితే నాకేం ఒరిగింది?"

గ్రైండరు మోత తేడాని బట్టి లోహం పల్చబడ్డది కనిపెట్టడమే మాస్టారి గొప్ప అని ల్యాబంతా అంటుంది. ఒక చెవి లేదని నలుగురిలో చెప్పడమంటే ఆ మాస్టారుగిరీని తన చేత్తో తీసి బల్ల మీద పెట్టడమే. ఆవిడకీ తెలుసు. తెలిసే అడిగింది.

మధ్యాహ్నం డబ్బాలు తెరుస్తుండగా అతను నిలబడ్డాడు. "ఆ రోజు నేను ఈవిడని అబద్ధాలకోరన్నట్టు మాట్లాడాను. తప్పు నాది. పాటలో ఆడగొంతు ఉంది. నాకే వినపడలేదు. నాకు ఎడమచెవి పోయింది."

ముందు తేరుకున్నవాడు పిండి కలిపే అతను.

"ఎడమదా! ఇన్నాళ్ళూ నేను ఆ పక్కనుంచే కదా మాస్టారూ తిట్టుకుంటున్నాను. తిట్లన్నీ దండగైపోయాయా?"

బల్లంతా గొల్లుమంది. "కుడిపక్కకి రా, మళ్ళీ మొదలెట్టు" అన్నాడు అతను కూర్చుంటూ. ఆవిడ కొలిమి దగ్గరినుంచి డబ్బా తెచ్చుకుని ఎదురు కుర్చీలో కూర్చుంది. చేతులు కడుక్కుని అందరూ లేచిపోయాక అడిగింది.

"మరి మీరు విన్నది ఎలా ఉంటుంది?"

అతను ఫోనులో రెండు వైపులా కలిపే ఏర్పాటు తీసేశాడు. హెడ్‌ఫోన్లు తీసి ఆవిడ ముందు పెట్టాడు. "ఈ డిప్ప మాత్రం కుడిచెవికి పెట్టుకోండి. రెండోది వెనక్కి తోసి, ఎడమచెవి చేత్తో గట్టిగా మూసుకోండి."

ఆవిడ అలాగే చేసింది. మోచెయ్యి బల్ల మీద ఆనించి, అరచేత్తో చెవి మూసుకుని, కిటికీ వైపు చూస్తూ వింటోంది. అతనికి పాట వినిపించదు, ఆవిడ ముఖమే కనిపిస్తోంది. ఎక్కడ మాట ఉందో ఎక్కడ లేదో అతనికి ఆ ముఖంలోనే తెలిసిపోతోంది. లేనిచోట ఆవిడ కనుబొమలు కొద్దిగా దగ్గరపడ్డాయి. రావలసినావిడ రాలేదని ఆవిడకి తెలుసు. అతనికి మొన్నటిదాకా తెలియదు. అంతవరకూ తేడా ఉంది. అయినా ఆ పాట ఆ క్షణాన ఇద్దరి దగ్గరుంది.

పాట అయిపోయింది. ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"నాకు నాదే నచ్చింది మాస్టారూ" అంది. "మీది మరీ ఒంటరిగా ఉంది. బస్సులో వినలేను."

"ఊఁ" అన్నాడు అతను. గుండెలో ఏదో కలుక్కుమంది. కాని ఆ పాట విన్నవాళ్ళు మాత్రమే అనగలిగిన మాట అది.

మోటార్లు మొదలయ్యాయి. ఆవిడ లేచి రెండడుగులు వేసి, అతని కుడిపక్కకి తిరిగి వచ్చింది.

"ఒకటి మటుకు నా దాంట్లో లేదు. ఆయన మాట ఆపాక ఊపిరి తీసుకోవడం. నేను విన్నప్పుడు అది ఆవిడ గొంతు కింద పడిపోయింది."

"ఎక్కడ?" అన్నాడు అతను, తెలిసి కూడా.

"రెండోసారి ఆగినచోట. మళ్ళీ పాడబోతున్నట్టు తీసుకుంటాడు. పాడడు."

"అవును" అన్నాడు అతను. "పాడడు."